ఆదాయపు పన్నులో తీసివేత: ఒక రసాయనశాస్త్రజ్ఞుని పరిశీలన

విజ్ఞాన విభాగానికి ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, త్రాగునీటిలోని సీసాన్ని కొలిచే పద్ధతులను గురించి వ్రాయవలెనని మొదట అనుకొన్నాను. అంతలో మార్చి నెల వచ్చింది. బోటనీ డౌన్స్‌లోని మా యింటికి భోజనానికి వచ్చిన మిత్రుల సంభాషణ, ఏటేటా జరిగే విధంగానే, దేనిపై ఎంత పన్ను వాపసు వస్తుందన్న చోటికి చేరింది. బియ్యం బస్తా మొదలు బస్సు చార్జీ వరకు ఒక్కొక్క ఖర్చుకు ఒక్కొక్కరు ఒక్కొక్క సిద్ధాంతం చెప్పారు. వాటిలో కొన్ని సిడ్నీలో ఒప్పు, కొన్ని హైదరాబాదులో ఒకప్పుడు ఒప్పు, ఇక్కడ మాత్రం దాదాపు అన్నీ తప్పు. వింటూండగా నాకు తోచినదేమనగా, ఇదియును కొలతకు సంబంధించిన సమస్యయే. కావున నీటిలోని సీసాన్ని పూర్తిగా విడిచిపెట్టకుండానే, పన్నును గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను. నేను పన్నుల నిపుణుడను కాను. నా జీవితం ప్రయోగశాలలో గడిచింది. కాని ఈ విషయంలో ఒకసారి నేనే తెలివితక్కువగా ప్రవర్తించి, ఆ తరువాత చట్టం చదువుకొన్నవాడను.

భారతదేశంలో వలెనే న్యూజీలాండులో కూడ పన్ను సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. మనవారిని తప్పుదారి పట్టించేది ఈ పోలికయే అని నా అనుమానం. స్వదేశంలో ఉద్యోగం చేసిన వారెవరికైనా ఫిబ్రవరి, మార్చి నెలల హడావుడి గుర్తుండే ఉంటుంది. ఎల్.ఐ.సి. ప్రీమియం రసీదు, పిల్లల స్కూలు ఫీజు రసీదు, ప్రావిడెంటు ఫండు చిట్టా అన్నీ గుదిగుచ్చి ఆఫీసు గుమాస్తాగారికి అప్పగించేవాళ్ళం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 80సి అనే సెక్షను ధర్మమా అని లక్షన్నర రూపాయల వరకు ఆదాయం నుండి తగ్గేది. 2020లో వచ్చిన కొత్త పద్ధతిని ఎన్నుకొన్నవారికి అక్కడ కూడ ఆ సౌకర్యం లేదు. 2023-24 నుండి ఆ కొత్త పద్ధతియే అందరికీ సహజంగా వర్తించేదిగా మారింది. అయినను అలవాటు అలవాటే. నేను ఇక్కడకు వచ్చిన మొదటి సంవత్సరం ఒక బూట్ల పెట్టెలో రసీదులు కూడబెట్టాను. బస్సు చార్జీలు, ఇంటర్వ్యూ కోసం కొన్న సూటు, రెండు రసాయనశాస్త్ర గ్రంథాలు, వృత్తిసంఘ సభ్యత్వ రుసుము, మధ్యాహ్న భోజనాలు, సొంత డబ్బుతో కొన్న రక్షణ కళ్ళద్దాలు అన్నీ కలిసి మూడు వేల డాలర్లు దాటాయి. శాస్త్రజ్ఞుడను గనుక చక్కని పట్టిక కూడ వేశాను. అందులో చెల్లిన మొత్తం సున్న.

ఎందుకు సున్న అయినదో చెప్పే ముందు మూడు మాటలను వేరు చేయవలసి ఉంది. మన ఇండ్లలో మూడింటినీ కలిపి "ఎగ్జెంప్షన్" అంటూ ఉంటాము. ఆదాయంలో ఒక భాగాన్ని అసలు పన్ను పరిధిలోనికే రానీయకపోవుట మినహాయింపు. పరిధిలోనికి వచ్చిన ఆదాయం నుండి, దానిని సంపాదించుటకు అయిన ఖర్చును తగ్గించుట తీసివేత. లెక్క కట్టిన పన్ను నుండి కొంత సొమ్మును వెనుకకు ఇచ్చుట పన్ను జమ. ఈ మూడింటి విలువ ఒకటి కాదు. 2024 జూలై 31 నుండి అమలులోనికి వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 15,600 డాలర్లపై పదిన్నర శాతం, 53,500 వరకు పదిహేడున్నర, 78,100 వరకు 30, 1,80,000 వరకు 33, ఆపైన 39 శాతం పన్ను. ఈ రేట్లు ఏడాది పొడుగునా వర్తించినప్పుడు, 90,000 డాలర్ల జీతంపై పన్ను 19,577 డాలర్ల 50 సెంట్లు అవుతుంది. ప్రమాద బీమా రుసుము దీనికి అదనం. ఈ జీతగానికి వెయ్యి డాలర్ల తీసివేత దొరికినదనుకొందాము. మిగిలేది వెయ్యి కాదు, 330 మాత్రమే. "పన్నులో పోతుంది కదా" అని అవసరం లేని వస్తువు కొన్న మిత్రుడు నిజానికి 670 డాలర్లు ఖర్చు పెట్టాడన్నమాట.

బ్లాంకు లెక్క

ఇక నీటిలోని సీసం. ఒక నమూనా నీటిలో సీసం ఎంత ఉన్నదో కొలవవలెనంటే ఆ నీటికి ఆమ్లం కలుపుతాము, ఒక పాత్ర నుండి మరొక పాత్రకు మార్చుతాము, పరికరంలోనికి పంపుతాము. ఆ ఆమ్లంలో కూడ లేశమాత్రం సీసం ఉండవచ్చును, పాత్రల గోడల నుండి మరికొంత రావచ్చును. అందుచేత నమూనా లేకుండా, స్వచ్ఛమైన నీటితో అదే పద్ధతిని ఆసాంతం మరొకసారి నడుపుతాము. దీనినే బ్లాంకు అంటాము. నమూనా చూపిన విలువలో నుండి బ్లాంకు విలువను తీసివేస్తే అసలు సీసం తేలుతుంది. ఆదాయపు పన్నులోని తీసివేత కూడ సరిగ్గా ఇటువంటిదే. చేతికి వచ్చిన డబ్బులో సంపాదన ప్రక్రియ తినివేసిన భాగాన్ని తొలగిస్తే అసలు ఆదాయం తేలుతుంది.

బ్లాంకుకు ఒక కఠినమైన నియమం ఉంది. ప్రక్రియ స్వయంగా చేర్చిన దానిని మాత్రమే తీసివేయవలెను. ప్రయోగం చేసే మనిషి ఉదయం ఇడ్లీ తినకపోతే పిపెట్టు పట్టుకొనలేడు. నిజమే. అయినను ఆ ఇడ్లీని బ్లాంకులో చేర్చము. అతడు ప్రయోగం చేయకపోయినా తినేవాడు. న్యూజీలాండు 2007 ఆదాయపు పన్ను చట్టంలో డి.ఎ. 1 అనే సెక్షను, ఆదాయాన్ని ఆర్జించే క్రమంలో అయిన ఖర్చును తీసివేయవచ్చునంటుంది. వెనువెంటనే డి.ఎ. 2 సెక్షను, సొంత జీవనానికి సంబంధించిన ఖర్చు పనికిరాదంటుంది, మూలధనపు ఖర్చు పనికిరాదంటుంది. ఇంకొక అడుగు ముందుకు వేసి, ఉద్యోగ జీతం సంపాదించుటకు అయిన ఖర్చు కూడ పనికిరాదంటుంది. నా రక్షణ కళ్ళద్దాలు పడిపోయినది ఈ చివరి గీత దగ్గరనే. అవి నూటికి నూరుపాళ్ళు ఉద్యోగపు ఖర్చే. అయినా నేను జీతగాణ్ణి గనుక చెల్లదు.

ఇది అన్యాయంగా కనబడుతుంది. నాకూ మొదట అలాగే కనబడింది. కాని దీనికి ఒక చరిత్ర ఉంది. ఈ దేశంలో ఆదాయపు పన్ను 1891లో ప్రవేశించింది. జీతంలోనే పన్ను విరిచి ఇచ్చే పద్ధతి 1958లో వచ్చింది. చాలాకాలం పాటు ఉద్యోగులు కూడ తమ ఖర్చులలో కొన్నింటిని తీసివేసుకొనేవారు. 1984లో ఆర్థికమంత్రి అయిన రోజర్ డగ్లస్ కాలంలో పన్నుల వ్యవస్థను పునాదుల నుండి త్రవ్వి తిరిగి కట్టారు. 66 శాతంగా ఉన్న గరిష్ఠ రేటు 1986లో 48కి, 1988లో 33కి దిగింది. బదులుగా వస్తుసేవల పన్ను 1986 అక్టోబరు 1న 10 శాతంతో మొదలైంది. అది 1989లో పన్నెండున్నర, 2010లో 15 శాతం అయింది. మనం కొనే కందిపప్పుపై కూడ ఈ 15 శాతం ఉంటుంది. ఆస్ట్రేలియాలో మౌలిక ఆహార పదార్థాలకు ఆ పన్ను లేదు. ఆ సంస్కరణలలో భాగంగానే, 1980ల చివరలో, ఉద్యోగుల తీసివేతలు కూడ రద్దయినవి. అందరికీ బ్లాంకు సున్న అని ప్రకటించి, దానికి బదులుగా రేటు తగ్గించారన్నమాట.

కొలతల దృష్టితో చూస్తే ఇందులో కొంత అర్థం ఉంది. బ్లాంకు విలువ చాలా చిన్నదై, దానిని కొలిచే శ్రమ, కొలతలోని పొరపాటు దానికంటే పెద్దవైనప్పుడు మేము కూడ దానిని విడిచిపెడతాము. లక్షలాది జీతగాళ్ళ బస్సు టిక్కెట్లను పరిశీలించే గుమాస్తాల జీతం, ఆ టిక్కెట్ల మీద తగ్గే పన్నును మించిపోవచ్చును. 2019 నుండి జీతం మాత్రమే గల అధిక సంఖ్యాకులకు ఇన్‌లాండ్ రెవిన్యూ శాఖ వారే లెక్క కట్టి, ఎక్కువ విరిచిన సొమ్మును బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. బూట్ల పెట్టె విధానంలో ఇది సాధ్యం కాదు.

ఇతర దేశాల ప్రయోగశాలలు ఇదే సమస్యను వేరు విధాలుగా పరిష్కరించుకొన్నాయి. భారతదేశం 2018లో జీతగాళ్ళకు స్టాండర్డ్ డిడక్షన్‌ను తిరిగి తెచ్చింది. 40,000 రూపాయలతో మొదలైన ఆ మొత్తం కొత్త పద్ధతిలో 75,000 అయింది. ఎవరినీ కొలవకుండా అందరికీ ఒకే బ్లాంకు అంటగట్టుట ఈ విధానం. ఆస్ట్రేలియా ఎవరి బ్లాంకు వారినే కొలుచుకొమ్మంటుంది. అందుకే సిడ్నీలో ఉన్న మా బావమరిది జూలై రాగానే ఫోను చేసి, "బావగారూ, యూనిఫారం ఉతుకుడు ఖర్చు కూడ వేశాను, మీరెందుకు వేయరు?" అని అడుగుతూ ఉంటాడు. అతడు చేసినది అక్కడ న్యాయమే. అమెరికాలో ఉద్యోగులు అటువంటి ఖర్చులను చూపుకొనే అవకాశాన్ని 2018 నుండి నిలిపివేశారు. 2025 నాటి చట్టంతో ఆ నిలిపివేత శాశ్వతమైంది. ఒక దేశపు బంధువు చెప్పిన మాట మరొక దేశంలో చెల్లదనుటకు ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

సొంత ఖర్చు, వృత్తి ఖర్చుల మధ్య గీత ఎక్కడ గీయవలెనన్న వివాదం న్యాయస్థానాలకు కూడ ఎక్కింది. ఇంటి నుండి పనికి పోయే ప్రయాణం వృత్తిలో భాగం కాదని 1952లో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానం ఒక న్యాయవాది విషయంలో తీర్పు ఇచ్చింది. ఎక్కడ నివసించవలెనన్నది మన ఇష్టం కదా అన్నది అందులోని తర్కం. 1983లో ఆన్ మాలలూ అనే మహిళా న్యాయవాది, న్యాయస్థానంలో ధరించుటకు కొన్న నల్లని దుస్తుల ఖర్చు తీసివేయమన్నారు. ఆ రంగు తాను మామూలుగా ధరించేది కాదన్నారు. అయినను దుస్తులు చలినీ, మానాన్నీ కూడ కాపాడుతాయి గదా అని హౌస్ ఆఫ్ లార్డ్స్ అంగీకరించలేదు. వీటన్నింటికంటే నాకు ఎక్కువగా నచ్చినది మన దేశపు కేసు. మాజీ న్యాయశాఖ మంత్రి, ప్రసిద్ధ న్యాయవాది శాంతిభూషణ్ గారు తమ గుండె శస్త్రచికిత్స ఖర్చును వృత్తి ఖర్చుగా చూపి, గుండె తన వృత్తికి యంత్రపరికరం వంటిది, కనుక అది మరమ్మతు ఖర్చే అని వాదించారు. ఢిల్లీ హైకోర్టు 2011లో ఆ వాదనను త్రోసిపుచ్చింది. గుండె న్యాయవాదికే కాదు, బ్రతికి ఉన్న ప్రతి మనిషికీ కావలసినదే కదా. అదియును ఒక ఇడ్లీయే!

నిత్యవ్యయం పద్దులోనికి ఎక్కే సందర్భం

ఉద్యోగం కాక సొంత వ్యాపారం, కాంట్రాక్టు పని, సాయంత్రం వేళ టాక్సీ నడుపుట వంటి ఆదాయం ఉన్నవారికి మాత్రం కథ మారుతుంది. ఉద్యోగి అన్న అడ్డుగీత వీరికి ఉండదు. సొంత ఖర్చు అన్న గీత మాత్రం ఉంటుంది. ఒకే ఖర్చులో రెండూ కలిసి ఉన్నప్పుడు పాళ్ళు కట్టవలెను. 150 చదరపు మీటర్ల ఇంటిలో 12 చదరపు మీటర్ల గది వ్యాపారానికే కేటాయించినట్లయితే ఆ పాలు 8 శాతం. వారానికి 650 డాలర్ల అద్దె అయితే ఏడాదికి 33,800. అందులో తీసివేయగలది 2,704 డాలర్లు. ఆ గదిలోనే పిల్లలు వీడియో ఆటలు ఆడుతూ ఉంటే, వాడిన సమయాన్ని బట్టి ఇంకను తగ్గించవలసి ఉంటుంది. సొంత ఇల్లయితే అప్పు మీది వడ్డీలో అదే పాలు వస్తుంది. అసలు తీర్చిన సొమ్ముపై రాదు. కారుకు వరుసగా 90 రోజులు ప్రయాణాల చిట్టా వ్రాసినచో, వాడకం పెద్దగా మారనంత వరకు ఆ నిష్పత్తిని మూడు సంవత్సరాలు వాడుకొనవచ్చును. తొంభై రోజులు వ్రాయుట కష్టమని మనవారు అంటారు. మా పరిశోధక విద్యార్థులు కూడ నోటుబుక్కు వ్రాయుట విషయంలో ఇదే మాట అంటారు.

ఒక మిత్రుని అనుభవం చెబుతాను. పగలు గిడ్డంగిలో పని, రాత్రి టాక్సీ. వాపసు తెప్పిస్తామని చెప్పే ఒక ఏజెంటు మాట నమ్మి, కారుకు అయిన ఖర్చు 11,000 డాలర్లను మొత్తంగా వ్యాపార ఖర్చుగా చూపించాడు. పిల్లలను బడికి దింపినదీ ఆ కారులోనే, వారాంతంలో కూరగాయల సంతకు పోయినదీ ఆ కారులోనే. తనిఖీ వచ్చినప్పుడు పాత చిట్టాలు వెదకగా టాక్సీ పాలు 35 శాతం అని తేలింది. చెల్లినది 3,850. మిగిలిన 7,150 మీద అతని 30 శాతం రేటున 2,145 డాలర్ల పన్ను, తగినంత జాగ్రత్త తీసుకొననందుకు అందులో 20 శాతం అనగా 429 డాలర్ల జరిమానా, వీటిపై వడ్డీ. ఏజెంటు తన కమీషను ఎప్పుడో తీసుకొన్నాడు, సంతకం మాత్రం మా మిత్రునిది. తనిఖీ నోటీసు రాకముందే తానే పోయి తప్పు చెప్పుకొని ఉంటే, ఈ రకపు పొరపాటుకు ఆ 429 పూర్తిగా మాఫీ అయ్యేది. పెద్ద నిర్లక్ష్యమని తేలితే జరిమానా 40 శాతం, బుద్ధిపూర్వకమైన ఎగవేత అయితే 150 శాతం వరకు పోతుంది. వ్యాపారపు రసీదులను ఏడు సంవత్సరాలు దాచవలెనన్నది కూడ ఇక్కడనే గుర్తుంచుకొనవలెను.

ఇదే సంచికలో ప్రకటనలు ఇచ్చిన దుకాణదారులు ఆ ప్రకటన ఖర్చును నిక్షేపంగా తీసివేసుకొనవచ్చును. ఆ ప్రకటన చూసి వెళ్ళి ఆవకాయ కొన్న మనకు మాత్రం ఏమీ రాదు.

మరి జీతగాని మాట ఏమిటి? తీసివేతలు రెండు, మూడే మిగిలాయి. పన్ను పత్రాలు తయారు చేయించినందుకు ఇచ్చిన రుసుము, అనారోగ్యంలో జీతం బదులు వచ్చే బీమాకు కట్టిన ప్రీమియం వంటివి. రెండవ దానిలో, ఆ బీమా చెల్లించే సొమ్ము పన్నుకు లోబడేదై ఉండవలెను. నా కళ్ళద్దాల వంటి వాటికి వేరు మార్గం ఉంది. అవసరమైన ఖర్చును యజమాని తిరిగి చెల్లించినట్లయితే ఆ సొమ్ముపై సాధారణంగా పన్ను ఉండదు. 2020లో మహమ్మారి కాలంలో ఇంటి నుండి పని చేసినవారికి వారానికి 15 డాలర్ల వరకు పన్ను లేకుండా ఇవ్వవచ్చునని శాఖ ప్రకటించింది. మనవారికి యజమానిని అడుగుటకు మొహమాటం. ఇన్‌లాండ్ రెవిన్యూ వారిని అడుగుటకు మాత్రం మొహమాటం లేదు!

జీతగానికి అసలు దొరికేది పన్ను జమ. ఆమోదం పొందిన సంస్థకు 5 డాలర్లు గాని అంతకు పైన గాని ధనరూపంలో విరాళమిస్తే మూడవ వంతు తిరిగి వస్తుంది. 300 ఇస్తే 100. పదిహేడున్నర శాతం రేటులో ఉన్నవారికైనా, 39 శాతంలో ఉన్నవారికైనా అదే మూడవ వంతు. ఒక సంవత్సరపు విరాళాలు ఆ సంవత్సరపు పన్ను విధింపదగిన ఆదాయాన్ని మించరాదన్నది ఒక్కటే హద్దు. 2008కి ముందు ఇంకను చిన్న హద్దు ఉండేది. ప్రభుత్వ పాఠశాలలు అడిగే విరాళాలు కూడ సాధారణంగా ఇందులోనికి వస్తాయి. విహారయాత్ర రుసుము రాదు. ప్రతిఫలం పొందినది విరాళం కాదన్నది ఇక్కడి సూత్రం. కావున సంక్రాంతి విందు టిక్కెట్టు విరాళం కాదు, హుండీలో వేసి రసీదు పుచ్చుకొననిది లెక్కకు రాదు, అన్నదానానికి ఇచ్చిన బియ్యం బస్తా ధనం కాదు గనుక చెల్లదు. స్వదేశంలో మన ఊరి గుడికి పంపినది, ఆ సంస్థ ఇక్కడి ఆమోదిత జాబితాలో లేనిచో, అక్కడి 80జి రసీదు ఉన్నా ఇక్కడ పనికిరాదు.

ఈ జమను నాలుగు సంవత్సరాలలోగా అడగవలెను. నేను మూడు వేల డాలర్ల చెల్లని రసీదులను పట్టికలో వ్రాసుకొన్నవాడనే గాని, పిల్లల పాఠశాల విరాళాల రసీదులను ఆరేళ్ళ పాటు ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించి ఉంచాను. ఒకనాడు మా శ్రీమతి వాటిని తీసి, "ఇవి దేనికి?" అని అడిగేసరికి మొదటి రెండేళ్ళవి గడువు దాటిపోయాయి. చిన్నపిల్లలున్న కుటుంబాలకు శిశు విద్యాలయ రుసుములో కొంత భాగాన్ని తిరిగి ఇచ్చే పథకం 2024 జూలై 1న మొదలైంది. ఆరంభంలో 25 శాతం, 2025 జూలై నుండి 40 శాతం, కుటుంబ ఆదాయాన్ని బట్టి. ఇది మూడు నెలల కొకసారి అడిగి తీసుకొనవలసినది. దానంతట అది రాదు.

చివరగా ఇంటి వైపు వ్యవహారం. తల్లిదండ్రులకు నెలనెలా పంపే సొమ్ము తీసివేతా కాదు, విరాళమూ కాదు. ఈ మాట విన్నప్పుడు చాలామందికి మనస్సు చివుక్కుమంటుంది, నాకూ అంతే అయింది. మన జీతంలో అన్నింటికంటే ముందు విడదీసేది ఆ సొమ్మే కదా. కాని బ్లాంకు నియమం ప్రేమను గుర్తించదు. విజయవాడలోనో, వరంగల్‌లోనో ఇల్లు అద్దెకు ఇచ్చినవారికి వేరొక సంగతి. క్రొత్తగా వచ్చినవారికి, గడచిన పదేళ్ళలో ఇక్కడ పన్ను నివాసి కాకుండా ఉండి ఉంటే, విదేశీ ఆదాయంపై సుమారు నాలుగేళ్ళ మినహాయింపు ఉంటుంది. ఇది జన్మకు ఒకేసారి. అది ముగిసిన తరువాత ఆ అద్దెను ఇక్కడ చూపవలెను. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ జమ దొరుకుతుంది, రెండు దేశాల మధ్య 1986లోనే ఒప్పందం కుదిరింది. అయితే అక్కడ అద్దె నుండి లెక్కాపత్రం లేకుండా తగ్గించే 30 శాతం ఇక్కడ లేదు. నిజంగా అయిన మరమ్మతు ఖర్చు, ఇంటి పన్ను వంటివి రసీదులతో చూపవలెను. కనుక స్వదేశం వెళ్ళినప్పుడు సున్నం వేసిన మేస్త్రీ దగ్గర కూడ ఒక చీటీ వ్రాయించుకొని రావలెను.

మొన్న జూలైలో మా బావమరిది మళ్ళీ ఫోను చేశాడు. "బావగారూ, ఈ ఏడు మీకెంత వచ్చింది?" అన్నాడు. పాఠశాలకు ఇచ్చిన 400 డాలర్ల విరాళం మీద 133 డాలర్ల 33 సెంట్లు వచ్చాయని చెప్పాను. "అంతేనా?" అన్నాడు. అంతే అన్నాను.